లేజర్ గదిలో అడుగుపెట్టే ముందు

దేవరకొండ

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. లేజర్‌తో మెదడులో నొప్పి స్పందనలు కొలిచే ప్రయోగశాలలో చేరుతున్నావనీ, మొదట మర్రిగూడ వైపు పల్లెల పెద్దవాళ్ళనే పరీక్షిస్తావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ యంత్రం పక్కన చాలా ఏళ్ళు నిలబడ్డవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

తలంటుకొని రమ్మని, నూనె రాసుకోవద్దని వాళ్ళకు ముందురోజే కబురు పంపు. కొబ్బరినూనె పట్టిన తలకు మెదడు సంకేతాలు అందుకునే ఎలక్ట్రోడు సరిగా అంటుకోదు. గాజులు, ఉంగరాలు తీయించు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం 10.6 మైక్రోమీటర్లది, కంటికి కనబడదు, లోహం మీద పడితే ఎటైనా మళ్ళుతుంది. ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్ళద్దాలు వాళ్ళకూ ఉండాలి, నీకూ ఉండాలి. చర్మం రంగు గురించి దిగులు వద్దు, ఆ కిరణాన్ని పీల్చుకునేది చర్మంలోని నీరు. అరచేతిని మాత్రం ఎంచుకోకు. పార పట్టి కాయలు కాచిన చేతులవి. చేతి వెనక భాగం మేలు.

ప్రతి పల్స్‌కూ, అంటే లేజర్ ఒక్కసారి తాకినప్పుడల్లా, చోటు మార్చు. కొత్తలో నేను తొందరపడి ఒకేచోట వరుసగా ఇచ్చాను. ఒక రైతు చేతిమీద ఎర్రగా కందింది. "పర్వాలేదు సారూ" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 10 నుంచి 15 సెకన్లు ఆగు, ఆ ఎడం ఒకేలా ఉండనివ్వకు. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోతే తెరమీద గీతగా కనిపించే మెదడు స్పందన, అదే తరంగం, తగ్గుతుంది. కునుకు పట్టినా, తలుపు బయటి ముచ్చట్ల మీదికి మనసు పోయినా అంతే.

చేతిమీద ఇచ్చినప్పుడు నడినెత్తి దగ్గర సుమారు 200 మిల్లీసెకన్లకు ఎన్2, 350 ప్రాంతంలో పి2 అనే తరంగాలు కనిపిస్తాయి. ఏ-డెల్టా అనే సన్నని నరాల తంతువులు మోసుకొచ్చిన కబురది. మనవాళ్ళు దాన్ని "చురుక్కుమంది" అంటారు. ఇంకా నెమ్మదిగా, సెకనుకు మీటరు చొప్పున నడిచే సీ తంతువులది ఆ వెనక వచ్చే మంట. అందుకే సున్నా నుంచి పది దాకా అంకె అడిగి ఊరుకోకు. చురుకా, మంటా, పోటా, సలుపా, తిమ్మిరా అని అడిగి, వాళ్ళన్న మాటే రాసిపెట్టు.

ఇక నేను గట్టిగా చెప్పదలచినది. షుగరుతో అరికాళ్ళు మండి రాత్రంతా నిద్రలేని మనిషి వస్తాడు. మామూలు నరాల పరీక్ష లావుపాటి తంతువులనే చూస్తుంది కనుక బాగానే ఉందని వస్తుంది. నీ తెరమీద తరంగం చిన్నగా పడుతుంది. "నొప్పి అంతగా లేదు" అని ఎవరైనా రాయబోతే అడ్డుపడు. సన్నని తంతువులు చెడ్డాయనడానికి అదే ఆధారం, నొప్పి అబద్ధమనడానికి కాదు. ఫ్లోరైడ్ నీళ్ళతో వెన్నెముక గట్టిపడి వెన్నుపామును నొక్కుతున్న వాళ్ళలోనూ కాలి నుంచి వచ్చే తరంగం తగ్గవచ్చు. తరంగం నిండుగా వచ్చినా మోకాళ్ళ నొప్పి లేదని తేల్చకు. లేజర్ తట్టింది చర్మాన్నే, కీళ్ళను కాదు. ఇన్నేళ్ళు తమ నొప్పిని ఎవరూ నమ్మలేదన్న కోతతో వచ్చేవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉంటారు. నీ కాగితం కూడా ఆ మాటే అనకూడదు.

పరీక్ష అయ్యాక వాళ్ళ గీతను వాళ్ళకే చూపించి వివరించు. చివరి బస్సు వేళకు ముందే పంపించు. దసరాకు వచ్చేటప్పుడు పేర్లు తీసేసి మొదటి పది రికార్డులు తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న