ఇరవై నాలుగేళ్ల ఎడంతో రెండు స్వర్ణాలు

ప్రశ్న: 2022లో బర్మింగ్‌హామ్‌లో మన మహిళల జట్టు స్వర్ణం గెలిచినప్పటి నుంచి లాన్ బౌల్స్ చూస్తున్నాను. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల సింగిల్స్ గెలిచిన వేల్స్ ఆటగాడికి అప్పటికి 47 ఏళ్లని విన్నాను. ఆయన ఎవరు? ఆ వయసులో అదెలా సాధ్యం? ఇండోర్‌లోనూ ఆడేవారా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు విన్నది నిజమే. ఆయన పేరు రాబర్ట్ వీల్. ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రెస్టీన్ అనే చిన్న పట్టణపు క్లబ్బు ఆటగాడు. ఢిల్లీ ఫైనల్లో ఆస్ట్రేలియాకు చెందిన లీఫ్ సెల్బీని ఓడించారు. అంతకంటే విశేషం ఏమిటంటే, ఆయన తొలి కామన్వెల్త్ స్వర్ణం 1986 నాటిది. ఆ ఏడాది ఎడిన్‌బరోలో విల్ థామస్, హఫోద్ థామస్, జిమ్ మోర్గన్‌లతో కలిసి, నలుగురు జట్టుగా ఆడే ఫోర్స్ విభాగంలో గెలిచారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయంలో బ్రిటన్ వైఖరికి నిరసనగా మన దేశంతో సహా 32 దేశాలు ఆ క్రీడలను బహిష్కరించిన మాట వాస్తవమే గానీ, ఈ ఆటలో బలమైన ఇంగ్లండ్, స్కాట్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అక్కడే ఉన్నాయి కనుక ఆ పతకం విలువ తగ్గిందని నేననుకోను.

ఇక వయసు సంగతి. ఈ ఆటలో దొర్లించే బంతిని బౌల్ అంటారు, అది పూర్తి గుండ్రంగా ఉండదు. దాని ఆకారంలో ఒక పక్కకు మొగ్గు ఉంటుంది. అందుకే వదలగానే తిన్నగా పోతున్నట్టు కనిపించి, వేగం తగ్గేకొద్దీ వంపు తిరిగి, జాక్ అనే చిన్న తెల్ల బంతి వైపు ఒదుగుతుంది. బౌల్‌ను ఆ జాక్‌కు వీలైనంత దగ్గరగా ఆపడమే ఆట. బ్రిటన్‌లోని తడి పచ్చికపై బౌల్‌ను కాస్త బలంగా వదలాలి, వంపు తక్కువగా వస్తుంది. ఎండిన, వేగవంతమైన పచ్చికపై చేయి తేలిక చేసి, జాక్‌కు బాగా పక్కగా గురి పెట్టాలి. ఉదయం కుదిరిన కొలత ఎండెక్కాక చెల్లకపోవచ్చు. వేసిన మొదటి బౌల్ ఎక్కడ ఆగిందో చూసి, రెండో దానికి చేతిని సర్దుకోగలిగినవాడిదే ఆట. దీనికి కండబలం కన్నా చేతి నేర్పు, ఓర్పు ముఖ్యం కనుకనే నలభై దాటినవారు కూడా అగ్రస్థాయిలో నిలుస్తారు. ఫోర్స్‌లో తలా రెండు బౌల్స్, అవతలి కొసన నిలబడి దారి చెప్పే కెప్టెన్ ఉంటారు. సింగిల్స్‌లో నాలుగు బౌల్స్ వేసే చేయీ, ఆలోచించే బుర్రా ఒక్కరివే. ఈ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలవడమే వీల్ గొప్పతనమని నా అభిప్రాయం.

లాన్ బౌల్స్ ఒలింపిక్స్‌లో లేదు. ఉన్నా వేల్స్ ఆటగాళ్లు అక్కడ బ్రిటన్ జెండా కిందనే ఆడాలి. అందుచేత సొంత దేశం పేరుతో బరిలోకి దిగే కామన్వెల్త్ క్రీడలంటే వారికి అంత మక్కువ.

ఇండోర్‌లోనూ ఆడారు. అక్కడ పచ్చికకు బదులు కార్పెట్ ఉంటుంది, గాలీ వానా అడ్డురావు. 2000లో ప్రపంచ ఇండోర్ సింగిల్స్ టైటిల్ వీల్‌దే. ఆ ఫైనల్లో ఆయన చేతిలో ఓడిన జాన్ ప్రైస్ కూడా వేల్స్‌వాడే, 1990లో అదే టైటిల్ గెలిచినవాడు.