యుద్ధ బాధిత పిల్లల దగ్గరికి మూడు వారాలు వెళ్తున్నాను, ఎలా సిద్ధపడాలి?

గాజువాకలో ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతున్నాననీ, వేసవి సెలవుల్లో ఒక స్వచ్ఛంద బృందంతో జోర్డాన్ వెళ్లి సిరియా శరణార్థి పిల్లల మధ్య మూడు వారాలు పనిచేసే అవకాశం వచ్చిందనీ, అందుకు ఎలా సిద్ధపడాలో అనుభవమున్నవారు చెప్పమనీ మీరు అడిగారు. నేను విశాఖలోనే పిల్లల ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. 2018 నవంబరులో మొదలుపెట్టి ఐదు వారాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ దగ్గర, కుతుపలాంగ్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి పిల్లల శిబిరంలో ఉన్నాను. దేశం వేరు, భాష వేరు, యుద్ధం వేరు. అయినా నేను చేసిన పొరపాట్లలో చాలావరకు తెలుగింటి అలవాట్ల నుంచి పుట్టినవే కాబట్టి అవి మీకూ పనికివస్తాయని రాస్తున్నాను.

వెళ్లే ముందు రెండు నెలల పాటు ఏమేం తీసుకెళ్లాలన్న జాబితాలతోనే గడిపాను. ఏ అలవాట్లు ఇంట్లో వదిలి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మన ఇంటికి కొత్తగా ఒక పిల్లవాడు వస్తే మనం ఏమని పలకరిస్తాం? నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి, ఏం చేస్తారు, మీరెంతమంది, మీది ఏ ఊరు. ఇవి మనకు ఆప్యాయత చూపే ప్రశ్నలు. మొదటి రోజు కాలికి వ్యాయామం చేయించడానికి తీసుకొచ్చిన ఎనిమిదేళ్ల బాబును నేను ఇదే వరసలో అడగడం మొదలుపెట్టాను. దుబాసీగా ఉన్న యువకుడు మొదటి ప్రశ్నను అనువదించి, రెండో ప్రశ్న దగ్గర ఆగి, నవ్వుతూ ఆ బాబుతో మరేదో మాట్లాడాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, ఈ గదిలో తండ్రి పేరు అడగకండి అని మాత్రం అన్నాడు. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలకు పైగా జనం మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి సరిహద్దు దాటి వచ్చారన్న సంఖ్య నాకు కంఠతా వచ్చు. ఆ సంఖ్యలో తండ్రులు లేని ఇళ్లు ఉంటాయన్న ఊహ మాత్రం నా పలకరింపు దాకా రాలేదు.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి సాధన ఇంట్లోనే, ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. కుటుంబం, ఊరు, గతం అన్న మూడింటినీ తాకకుండా ఒక పిల్లతో పదిహేను నిమిషాలు మాట్లాడడం మీ పక్కింటి పిల్లలతో అభ్యాసం చేయండి. అది ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఎదుట ఉన్న వస్తువు గురించి, ఆడుతున్న ఆట గురించి, ఇప్పుడు ఆకలిగా ఉందా అన్నదాని గురించి మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు పనులే చెబుతుంది: పరిస్థితిని చూడడం, చెబితే వినడం, అవసరమైన సహాయం అందించగలవారితో కలపడం. జరిగినదంతా చెప్పించి ఏడిపిస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కానీ విపత్తు జరిగిన వెంటనే ఒక్క విడతలో కూర్చోబెట్టి అనుభవాన్ని తవ్వి తీయించే పద్ధతిని ఆ సంస్థ వద్దనే అంటుంది. తానుగా చెప్పేవాడిని ఆపకూడదు, చెప్పనివాడిని కదపకూడదు.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందే మా అమ్మమ్మ నేర్పి ఉండాల్సింది. ఆవిడ 1942లో ఏడేళ్ల పిల్లగా రంగూన్ నుంచి పెద్దల వెంట నడిచి వచ్చినవారు. బర్మా నుంచి వచ్చినవారి పేరుతో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేటే ఉంది కనుక విశాఖవారికి ఇది వింత కథ కాదు. దారిలో ఏం జరిగిందని మేము అడిగినప్పుడల్లా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. కానీ వేసవిలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నప్పుడు, ఎవరూ అడగకుండానే, ఒక తమ్ముడి పేరు చెప్పేవారు. చేతులకు పని ఉన్నప్పుడు నోరు తనంతట తాను తెరుచుకుంటుంది. కుతుపలాంగ్‌లో కూడా నాతో మాట్లాడిన పిల్లలందరూ ఏదో ఒకటి అల్లుతూనో, గీస్తూనో మాట్లాడారు.

మీ బృందాన్ని ఇప్పుడే ఒక ప్రశ్న అడగండి: మేము వచ్చేశాక ఆ పిల్లల దగ్గర ఉండేది ఎవరు? ఐక్యరాజ్య సమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో రూపొందించిన మార్గదర్శకాలు మానసిక సహాయాన్ని నాలుగు అంచెలుగా చెబుతాయి. అడుగున భద్రత, తిండి, నీరు వంటి కనీస అవసరాలు, ఆపైన కుటుంబమూ సమాజమూ ఇచ్చే ఆసరా, ఆపైన శిక్షణ పొందినవారి ప్రత్యేక శ్రద్ధ, కొసన మానసిక వైద్యులు. మూడు వారాల అతిథికి రెండో అంచెలో, అదీ ఆ ఊరి ఉపాధ్యాయులకు చేదోడుగా మాత్రమే చోటుంది. నేను ఐదు వారాల్లో నేరుగా వ్యాయామం చేయించిన పిల్లల కంటే, తొమ్మిది మంది తల్లులకు నేర్పిన వ్యాయామాలే మిగిలాయి. మీరు టీచరు కాబట్టి, అక్కడి టీచర్లకు సాయంత్రం ఒక గంట మీ పద్ధతులు చూపించి, వాళ్లవి నేర్చుకునే ఏర్పాటు ఉందేమో అడగండి. అలా కాకుండా అనాథాశ్రమంలో పిల్లలను ఎత్తుకుని ఆడించడమే కార్యక్రమమంటే, నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతున్నాను, వెళ్లకండి. ప్రతి మూడు వారాలకూ ఒక కొత్త అమ్మ వచ్చి వెళ్లిపోవడం ఆ పిల్లలకు మరో ఎడబాటు.

జోర్డాన్ విషయంలో ఇంకొక సంగతి ఆలోచించుకోవాలి. అక్కడి సిరియా శరణార్థుల శిబిరమైన జాతరీని తెరిచింది 2012 జులైలో. అంటే మీరు కలిసే పదేళ్ల పిల్ల అక్కడే పుట్టి ఉండవచ్చు, సిరియాను ఎన్నడూ చూడకపోయి ఉండవచ్చు. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలిపోయాక కుటుంబాలు తిరిగి వెళ్లడం మొదలైంది కనుక, ఆ పిల్లకు ఇప్పుడున్న దిగులు బాంబులది కాక, తెలిసిన ఒకే ఒక్క ఇంటిని వదిలి పెద్దలు సొంత ఊరంటున్న తెలియని చోటికి పోవడం గురించిన దిగులు కావచ్చు. యుద్ధ బాధితులన్న మాటతో మీరు ఊహించుకున్న బొమ్మను విమానాశ్రయంలోనే వదిలేయడం మంచిది. పైగా సిరియా శరణార్థుల్లో ఎక్కువమంది శిబిరాల్లో కాక ఊళ్లలో అద్దె ఇళ్లలో ఉంటున్నారు. మీ పని శిబిరంలోనా, ఊళ్లోనా అన్నది కూడా తేల్చుకోండి. శిబిరమైతే ప్రభుత్వ అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు, పర్యాటక వీసా చూపిస్తే సరిపోదు.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్టుకు కూడా పాస్‌పోర్టు సేవా ద్వారానే దరఖాస్తు చేయాలి, మర్రిపాలెం దాకా వెళ్లే ఓపిక ఉంచుకోండి. మీ బృందం ఆ సర్టిఫికెట్టు అడగకపోతే, పిల్లల రక్షణ నియమావళి మీద సంతకం చేయించుకోకపోతే, సంతోషించకండి, అనుమానించండి. మిమ్మల్ని విచారించనివారు మీ పక్కనుండే మనిషినీ విచారించరు. ప్రయాణ బీమా పత్రంలో మినహాయింపుల పేజీ చదవండి, మామూలు పాలసీలు యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా కవర్ చేయవు. టీకాల కోసం ఆరు వారాల ముందే వైద్యుణ్ణి కలవండి. నేను వెళ్లడానికి ఏడాది ముందే అక్కడ డిఫ్తీరియా ప్రబలింది, మన దేశంలో మరిచిపోయామనుకున్న జబ్బు కోసం నలభై రెండేళ్ల వయసులో టీకా వేయించుకున్నాను.

బహుమతుల విషయంలో నా అజ్ఞానం ఖరీదైనది. ఏటికొప్పాక లక్క బొంగరాలు పన్నెండు ప్రేమగా కొని తీసుకెళ్లాను. గదిలో పిల్లలు నలభై మంది. పది నిమిషాల్లో ఒకడి పెదవి పగిలింది, రెండు బొంగరాలు మాయమయ్యాయి, అక్కడి టీచరు ఆ వారమంతా పంచాయితీ తీర్చవలసి వచ్చింది. ఆ మరునాడు సుద్దముక్కతో నేల మీద తొక్కుడు బిళ్ళ గడులు గీసి, గులకరాళ్లతో గచ్చకాయలు మొదలుపెడితే, ఆడపిల్లలు నాకంటే బాగా ఆడి, వాళ్ల పద్ధతి నాకు నేర్పారు. అక్కడే దొరికే వస్తువుతో, మీరు లేకపోయినా సాగే ఆటలే తీసుకెళ్లండి. ఇవ్వాలనుకున్నదేదైనా అక్కడే కొని, టీచరు చేతికి అందరి పేరున ఇవ్వండి. ఫోటోల గురించి ఒక్క మాట: పిల్లల ముఖాలు తీయకండి, మీ వాట్సాప్ స్టేటస్‌లో అసలే పెట్టకండి.

ఇక నేను ఇప్పటికీ మరిచిపోలేని తప్పు. మన భాషలో వెళ్తాను అనడం అశుభం, వెళ్ళొస్తాను అంటాం. రెండో వారం చివర, ఊళ్లోనే వేరే కేంద్రానికి నన్ను మార్చినప్పుడు, నాకు వచ్చిన ముక్కల హిందీలో ఆ ఎనిమిదేళ్ల బాబుతో వెళ్లి వస్తాను అన్నాను. వాడికి హిందీ కొంత అర్థమవుతుంది. మూడు రోజులు వ్యాయామానికి పిలిచినా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడని తరువాత దుబాసీ చెప్పాడు. తిరిగి రాని మనుషులు ఉన్నవాడికి నేను తెలియకుండా మరో మాట ఇచ్చాను. మీరు మొదటి రోజే ఒక కాగితం మీద ఇరవై ఒక్క గడులు గీసి గోడకు అంటించండి. రోజూ ఒక పిల్లతో ఒక గడి కొట్టేయించండి. చివరి రోజు ఏ గడో అందరికీ ముందే తెలియాలి. ఆ రోజు దుబాసీతో ముందుగా మాట్లాడుకుని, మళ్లీ వస్తానన్న అర్థం రాని వీడ్కోలు మాటను అరబ్బీలో నేర్చుకుని, అదే చెప్పండి.

తిరుగు టికెట్టు మాత్రం బడి తెరిచే రోజుకు కనీసం వారం ముందుగా తీసుకోండి. నేను వచ్చిన మరునాడే విధుల్లో చేరి, కొడుకు పాలు తాగడం లేదని బెంగపడుతున్న ఒక తల్లి మీద అకారణంగా విసుక్కున్నాను, రెండు రోజుల తరువాత ఆవిడకు ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను.