‘మన పిల్లాడికి ఆ క్లాసులెందుకు?’ అంటున్నారు మావారు

ప్రశ్న: మాది వనస్థలిపురం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మావారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. బాబుకి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. నెల క్రితం స్కూల్ నుంచి వచ్చి, బాత్రూంలో ఒకబ్బాయి కర్చీఫ్ మీద వైట్‌నర్ పోసుకుని పీలుస్తున్నాడని చెప్పాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ‘వాడితో మాట్లాడావంటే ఊరుకోను’ అని కేకలేసి, బ్యాగంతా కుమ్మరించి వెతికాను. అప్పట్నుంచి వాడు స్కూల్ సంగతులేవీ చెప్పడం లేదు. ఇప్పుడు స్కూల్ వాళ్లు మత్తు పదార్థాల గురించి ఐదు శనివారాలు క్లాసులు పెడుతున్నారు. అమ్మానాన్నలిద్దరూ రావాలని, స్లిప్పు మీద ఇద్దరూ సంతకం పెట్టాలని అడిగారు. మావారేమో ‘మనవాడేమైనా తాగుతున్నాడా? అక్కడ కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?’ అంటున్నారు. ఆయన బాల్కనీలో సిగరెట్ కాలుస్తారు. తెలియని పిల్లాడికి ఇవన్నీ చెప్తే లేనిపోని ఆలోచనలు పుడతాయేమోనని నాకూ భయంగానే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మీ బాబు గురించి ఒక మాట. ఆ వయసు మగపిల్లలు స్కూల్లో ఏం జరిగిందని అడిగితే ‘ఏం లేదు’ అని గదిలోకి వెళ్లిపోతారు. అలాంటిది మీవాడు తనను భయపెట్టిన విషయాన్ని ఇంటికి మోసుకొచ్చి మీ ముందు పెట్టాడు. మీ మీద అంత నమ్మకం ఉంది వాడికి. కానీ ఆ సాయంత్రం వాడికి అర్థమైంది ఒక్కటే: చెప్తే బ్యాగ్ వెతుకుతారు. మీరు భయంతో చేశారని నాకు తెలుసు, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ ముడి మాత్రం మీరే విప్పాలి.

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకండి. మీరు హుక్కులు కుట్టుకుంటూ, వాడు పక్కన హోంవర్క్ చేసుకునే వేళ చూసుకోండి. మీ కళ్లు గుడ్డ మీద ఉంటే వాడికి నోరు తెరవడం తేలిక. ‘ఆ రోజు నువ్వు నమ్మి చెప్పావు నాన్నా. నేను కంగారుపడి అరిచాను. బ్యాగ్ వెతకకుండా ఉండాల్సింది. ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు?’ అనండి. అంతే, ఆపేయండి. వాడు ‘బానే ఉన్నాడు’ అని ఊరుకుంటే మీరూ ఊరుకోండి. నాలుగు రోజులకో వారానికో మళ్లీ వాడే ఎత్తుతాడు. అప్పుడు కుట్టు మిషన్ ఆపి వినండి.

ఆ రెండో పిల్లాడి సంగతి ఆలస్యం చేయొద్దు. మీ బాబు పేరు బయటపెట్టవద్దని చెప్పి, రేపే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. వైట్‌నర్, థిన్నర్ లాంటివి పీల్చడం పిల్లల ఆట కాదు. వాటిలోని రసాయనాల వల్ల గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినవాళ్లు కూడా చనిపోయే ప్రమాదం ఉంది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇలా పీల్చేదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.17 శాతం. గంజాయిలా ఎక్కడో వెతుక్కోవాల్సిన పని లేదు, స్టేషనరీ షాపులో దొరుకుతుంది కదా! బట్టల్లో పెయింట్ వాసన, చొక్కా చేతుల మీద తెల్లమరకలు, ముక్కూ నోటి చుట్టూ పొక్కులు, ఊరికే తలనొప్పి అనడం... ఇలాంటివి ఎవరి పిల్లల్లో కనిపించినా పట్టించుకోవాలి.

ఇక చెప్తే లేనిపోని ఆలోచనలు పుడతాయా అని అడిగారు. మీవాడు ఇప్పటికే కళ్లారా చూశాడమ్మా. ఈ ఇంట్లో తెలియనిది మీ ఇద్దరికే. మీ భయంలో కొంత నిజం లేకపోలేదు. యూనిఫాం వేసుకున్న అధికారి వచ్చి, పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, డ్రగ్స్ పేర్లన్నీ చదివి భయపెట్టి వెళ్లిపోతే పెద్దగా ఫలితం ఉండదు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులతో పాఠాలు చెప్పించే పద్ధతి మొదలై అమెరికా అంతా పాకింది. తర్వాత పరిశోధకులు చూస్తే, ఆ పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ అలవాట్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే దేశంలో అయోవా రాష్ట్రంలో 10 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం ఇంకో పద్ధతి తెచ్చారు. ఏడు వారాలు, వారానికి రెండు గంటలు. మొదటి గంట పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఇంకో గదిలో; రెండో గంట అందరూ కలిసి. నియమాలు ఎలా పెట్టాలి, కోపం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి, స్నేహితుడు బలవంతపెడితే ఎలా తప్పించుకోవాలి అన్నవి చేసి చూసుకుంటారు. ఆ కుటుంబాల పిల్లల్ని నాలుగేళ్ల తర్వాత చూస్తే, మద్యం, సిగరెట్ మొదలుపెట్టినవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువగా ఉన్నారు. మీ స్కూల్ వాళ్లు ఇద్దర్నీ రమ్మంటున్నారంటే దారి సరైనదే పట్టారు. ఒక్కటి అడిగి తెలుసుకోండి: పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చునే సమయం ఉందా? లేకపోతే పెట్టమనండి.

మీవారి విషయానికొస్తే, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆయన పరిస్థితి. పిల్లాడి గురించి కాదు, ఆ గదిలో ఎవరైనా ‘ఇంట్లో ఎవరికైనా అలవాటుందా’ అని అడిగితే కొడుకు తన వైపు చూస్తాడేమోనని ఆయన బెంగ అని నాకనిపిస్తోంది. దెప్పిపొడవకండి. సిగరెట్ కాల్చే తండ్రి చెప్పే మాటకు విలువ ఉండదనుకోవడం పొరపాటు. ‘నేను మొదలుపెట్టాను, ఇప్పుడు మానలేక అవస్థ పడుతున్నాను’ అని నాన్న నోట విన్న పిల్లాడు అది మర్చిపోడు. ఈ రోజు నుంచే మొదలుపెట్టగలిగిన పని ఇంకోటి ఉంది. మన ఇళ్లలో ‘సందు చివర డబ్బాలో ఓ సిగరెట్ పట్రా’ అని పిల్లల్నే పంపుతుంటారు. మీవారికీ ఆ అలవాటు ఉంటే ఆపేయమనండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మడమే నేరం. స్కూలుకు 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. 2003 చట్టం అది.

శనివారం సాయంత్రం షాపులో గిరాకీ ఎక్కువని నాకూ తెలుసు. ఐదు వారాలూ రాలేకపోతే, కలిసి కూర్చునే గంటకైనా రమ్మనండి. నలుగురూ ఏమనుకుంటారు అంటే, ఆ నలుగురూ అక్కడే మీ పక్కన కూర్చుని ఉంటారు. వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. ట్యూషన్ ఏడింటికి వదిలితే పిల్లలు ఎనిమిదింటి దాకా ఎక్కడున్నారో నలుగురు తల్లులు ఒకరికొకరు చెప్పుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. స్కూలు గేటు దగ్గర పాన్ డబ్బా ఉంటే ఒక్కరు వెళ్లి అడగడం కష్టం, పదిమంది వెళ్తే ప్రిన్సిపాల్ కూడా కదులుతారు.

ఈ నంబర్లు రాసిపెట్టుకోండి. అలవాటు, చికిత్స గురించి అడగడానికి 14446. మనసు బాగోకపోతే మాట్లాడటానికి 14416. ఎవరైనా పిల్లలకు మత్తు అమ్ముతున్నారని తెలిస్తే 1908.

స్లిప్పు గురించి ఇక గొడవ పడొద్దు. మీ గీత మీద మీరు సంతకం పెట్టి, బాబు చూస్తుండగానే టీవీ పక్కన ఉంచండి. ఆయన గీత ఖాళీగా వదిలేయండి. శుక్రవారం దాకా ఏమీ అనకండి. అప్పటికీ సంతకం పడకపోతే మీరూ బాబూ బయల్దేరండి.