రెక్క బిగించే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ ఏడాది మీ కాలేజీ ఫార్ములా కారులో ఏరో పని (గాలితో కారుని నేలకి నొక్కే రెక్కల పని) నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన డ్రాయింగులు మూడుసార్లు చూశాను. ముందు రెక్కకి నాలుగు ఫ్లాపులు (వెనకవైపు చిన్న పలకలు), వెనక దానికి మూడు, పక్కల చిన్న రెక్కలు, అడుగున గాలి పోయే సొరంగాలు. గీత బాగుంది. పోటీకి కోయంబత్తూరు కరి రేసు ట్రాక్ మీదికి వెళ్లడానికి మీ దగ్గరున్నది అయిదు నెలలు. అందుకే ఇందులో సగం తీసెయ్యమని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి నొక్కే బలం) అంటే గాలి సాంద్రతలో సగం, ఇంటూ వేగం (సెకనుకి మీటర్లలో) వర్గం, ఇంటూ మీ సీఎల్-ఏ (నొక్కే గుణకాన్ని వైశాల్యంతో హెచ్చించిన అంకె). మన ఎండల్లో సాంద్రత ఘనపు మీటరుకి 1.15 కిలోలు వేసుకో, పుస్తకంలో ఉండే 1.225 కాదు. కారు మొత్తానికి సీఎల్-ఏ 3 వచ్చిందనుకుందాం. గంటకి 40 కిలోమీటర్ల దగ్గర వచ్చేది 213 న్యూటన్లు, అంటే 22 కిలోల బరువు. 60 దగ్గర 480 న్యూటన్లు, 49 కిలోలు. 80 దగ్గర 87 కిలోలు. మీ ట్రాక్‌లో మలుపులు ఎక్కువగా 40కీ 60కీ మధ్యే తిరుగుతాయి. రెక్కలు, అడుగు తట్ట, బిగింపులు కలిపి 15 కిలోలు దాటాయనుకో, 40 దగ్గర కొత్తగా మిగిలేది చాలా కొంచెం. డౌన్‌ఫోర్స్ టైరుని నొక్కుతుందే గాని మలుపులో పక్కకి లాగే బరువుని పెంచదు. దాని విలువంతా అక్కడే ఉంది. 15 కిలోల సామాను మాత్రం బ్రేకు వేసిన ప్రతిసారీ, తిప్పిన ప్రతిసారీ అడ్డుపడుతుంది. అందుకని ప్రతి భాగాన్నీ "దీని బరువెంత, 50 దగ్గర ఇదిచ్చేదెంత" అని పక్కపక్కన రాసి, ఆ కాగితం గోడకి అంటించండి.

ఫార్ములా వన్ ఫోటోలు చూసి గియ్యొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 300 మి.మీ. కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచుకి పొడవు) ఉన్న రెక్క సెకనుకి 15 మీటర్ల గాలిలో ఉంటే రెనాల్డ్స్ సంఖ్య (రెక్క సైజు, వేగం బట్టి గాలి ప్రవాహం తీరు చెప్పే అంకె) 2.8 లక్షలు. పెద్ద కార్ల రెక్కలు దీనికి ఎన్నో రెట్లు పైన పనిచేస్తాయి. మీ దగ్గర గాలి పొర రెక్కని వదిలి తొందరగా ఊడిపోతుంది. అందుకే తక్కువ రెనాల్డ్స్‌కి చేసిన ఎక్కువ లిఫ్ట్ ప్రొఫైళ్లు (రెక్క అడ్డుకోత ఆకారాలు) తీసుకో. ఎస్1223 అనే ప్రొఫైల్ ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ కార్ల పోటీ) జట్లలో చాలామంది వాడేది. దాని వెనక అంచు కాగితంలా పలచన, చేత్తో చేస్తే వంకర్లు పోతుంది. 2 మి.మీ. మందం వచ్చేచోట కోసేసి, అలాగే సీఎఫ్‌డీలో (కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కించే పద్ధతి) కూడా పెట్టు. చెయ్యలేని ఆకారాన్ని కంప్యూటర్‌లో నడిపితే వచ్చిన అంకె మీ కారుది కాదు.

వెనక రెక్కకి రెండు ముక్కలు చాలు, ఒక మెయిన్ (పెద్ద పలక), ఒక ఫ్లాప్. రెండింటి మధ్య సందే ప్రాణం. ఆ సందు మొత్తం కార్డ్‌లో 1.5 నుంచి 2 శాతం దగ్గర మొదలుపెట్టు. 500 మి.మీ.కి అది 8 నుంచి 10 మి.మీ. మరీ ఇరుకైతే రెండు ముక్కల మీది మందగించిన గాలి పొరలు కలిసిపోయి ఫ్లాప్ మీద ప్రవాహం చచ్చిపోతుంది. మరీ వెడల్పైతే మెయిన్ అందించే సాయం ఫ్లాప్‌కి అందదు, అదీ స్టాల్ అవుతుంది, అంటే దాని మీది గాలి ఊడిపోతుంది. కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. 8 మి.మీ. డ్రిల్ బిట్ తీసుకుని దాని నున్నటి కాడని సందులో పెట్టు. కుడి కొసన, ఎడమ కొసన, సరిగ్గా నడిమధ్యన. మూడుచోట్లా ఒకేలా బిగువుగా జారాలి. కొసల దగ్గర బిగువుగా, మధ్యలో వదులుగా ఉంటే ఫ్లాప్ వంగిందన్నమాట, మధ్యలో ఒక చిన్న బ్రాకెట్ కావాలి. కారు ట్రాక్ మీదికి వెళ్లే ప్రతిసారీ ఈ పని ఒకరికి అప్పజెప్పు.

గర్నీ ఫ్లాప్ గురించి అడిగావు. 1971లో అమెరికన్ రేసు డ్రైవర్ డాన్ గర్నీ పెట్టిన చిన్న పట్టీ అది, ఇప్పటికీ దానంత చవకైన సర్దుబాటు లేదు. 6 మి.మీ. అల్యూమినియం ఎల్-యాంగిల్‌ని రెక్క వెనక అంచున పైవైపు నిలబెట్టి డబుల్ సైడ్ టేపుతో అంటించు. 6, 8, 10 మి.మీ. పట్టీలు మూడు దగ్గరుంచుకుంటే ట్రాక్ పక్కనే కారు బ్యాలెన్స్ మార్చుకోవచ్చు. డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, కూడా పెరుగుతుంది. మీ వేగాలకి అది పెద్ద బాధ కాదు.

అసలు తప్పులన్నీ జరిగేది బ్యాలెన్స్ దగ్గర. పైడితల్లి సంబరంలో సిరిమాను చూశావు కదా, మాను ఒక కొస కిందికి దిగితే రెండో కొస లేస్తుంది. మీ వెనక రెక్క వెనక ఇరుసుకి అవతల వేలాడుతోంది, ఆ ఇరుసే ఇక్కడ ఆధారం. లెక్క వెయ్యి. 60 కి.మీ. దగ్గర వెనక రెక్క 20 కిలోలు నొక్కుతోంది, అది ఇరుసుకి 200 మి.మీ. వెనక ఉంది, వీల్‌బేస్ (ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం) 1550. ముందు చక్రాల మీంచి 2.6 కిలోలు లేస్తాయి. దాని మీది డ్రాగ్ 7 కిలోలు అనుకో, అది నేలకి మీటరు ఎత్తున వెనక్కి లాగుతోంది. దాని వల్ల ఇంకో 4.5 కిలోలు. మొత్తం 7 కిలోలు ముందు నుంచి పోయాయి. ముందు రెక్క మొదట ఈ అప్పు తీర్చాలి, తర్వాతే లాభం. చాలామంది పిల్లలు డ్రాగ్ వల్ల పోయే ఈ రెండో ముక్కని మరిచిపోతారు. కారు వేగం పెరిగేకొద్దీ ముందుకి తిరగనని మొరాయిస్తుంటే సస్పెన్షన్ వాళ్లని తిడతారు. కారు బరువు ముందుకి 47 శాతం ఉంటే ఏరో కేంద్రాన్ని (డౌన్‌ఫోర్స్ అంతా కలిసి పడే చోటు) 44, 45 దగ్గర పెట్టు. బరువు కన్నా ముందుకి పెడితే వేగమైన మలుపులో వెనక జారిపోతుంది, కుర్ర డ్రైవర్‌కి అది సర్దుకోవడం చేతకాదు.

ముందు రెక్క నేలకి దగ్గరయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, ఒక ఎత్తు దాటి ఇంకా దగ్గరైతే ఒక్కసారిగా పడిపోతుంది. బ్రేకు వేసినప్పుడు ముక్కు ఎంత దిగుతుందో సస్పెన్షన్ వాళ్లనడిగి, ఆ దిగిన ఎత్తులో కూడా సీఎఫ్‌డీ నడుపు. అడుగు భాగానికీ అదే మాట. 1970ల చివర ఫార్ములా వన్‌లో లోటస్ జట్టు వాళ్లు అడుగునే రెక్కలా మలిచి గెలిచారు. 2022లో ఆ పద్ధతి ఫార్ములా వన్‌కి తిరిగొచ్చినప్పుడు పెద్ద పెద్ద జట్ల కార్లే సూటి దారిలో చేపల్లా ఎగిరెగిరి పడ్డాయి. మీరు సొరంగాలు వదిలెయ్యండి. చదునైన అడుగు, వెనక 10 డిగ్రీల డిఫ్యూజర్ (వెనక పైకి లేచే అడుగు భాగం), అంతే. అడుగు ఊగకుండా గట్టిగా ఉండడం, డిఫ్యూజర్ కోణం కన్నా ముఖ్యం.

సీఎఫ్‌డీలో రెండు విషయాలు వదలొద్దు. నేల కదలాలి, చక్రాలు తిరగాలి. నేలని నిలబెట్టేస్తే దాని మీద లేని గాలి పొర పుట్టి ముందు రెక్క అంకె పాడవుతుంది. మెష్‌లో (లెక్క కోసం గాలిని విడగొట్టే గడుల వల) గడులని ఒకటిన్నర రెట్లు చేసి మళ్లీ నడుపు, బలం 2 శాతం కన్నా ఎక్కువ మారితే మొదటిది నమ్మొద్దు. దీనికి ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ లాబ్ కంప్యూటర్లకి సగం కారు మోడల్ సరిపోతుంది.

ఇక చేతి పని. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరంలోనూ, అటు కళింగపట్నం వైపూ ఫైబర్ పడవలు బాగుచేసే వాళ్లున్నారు. ఒక రోజు వెళ్లి వాళ్ల చేతులు చూడు. రోలర్‌తో గాలి బుడగలు ఎలా తోలుతారో, మూల దగ్గర గుడ్డ ఎలా కత్తిరిస్తారో నేర్చుకో. వాళ్ల రెసిన్ మాత్రం తేవద్దు. అది పాలియెస్టర్, నీ రెక్క లోపలి ఫోమ్ కోర్ పాలీస్టైరీన్ (థర్మోకోల్ జాతి) అయితే, మీద పోసిన నిమిషాల్లో తినేస్తుంది. నీకు కావలసింది ఎపాక్సీ. ఎల్‌వై556 రెసిన్‌కి హెచ్‌వై951 హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం), బరువులో 100కి 10. కళ్లతో కాదు, గ్రాములు చూపే కాటా మీద. ఒక్కసారికి 100 గ్రాములకి మించి కలపొద్దు, కలిపిన వెంటనే వెడల్పు పళ్లెంలో పోసెయ్. లోతు గిన్నెలో ఉంచితే తన వేడికి తనే ఉడికి గట్టిపడి పొగ లేస్తుంది. చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు, కిటికీలు తెరిచి.

పని తెల్లవారాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పదిలోగా ముగించండి. వానాకాలం తేమలో ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. దాని మీద ఇంకో పొర వేస్తే పెచ్చులా ఊడుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు అంటించాలి. రెక్క చర్మానికి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) కార్బన్ గుడ్డ రెండు పొరలు చాలు. బోల్టు వచ్చేచోట ఫోమ్‌ని తవ్వి అల్యూమినియం దిమ్మ అతికించు. ఫోమ్ మీదే బోల్టు బిగిస్తే నాలుగు రోజులకి నలిగి వదులవుతుంది. ఆ దిమ్మకీ కార్బన్‌కీ మధ్య ఒక పొర గ్లాస్ గుడ్డ తప్పనిసరి. ఉప్పు గాలి ఉన్న మన ఊళ్లలో కార్బన్ తగిలిన అల్యూమినియం తెల్లగా పొడిలా తినేసుకుపోతుంది.

బిగింపుల గురించి నెమ్మదిగా చదువు. 1969 మే 4న స్పెయిన్‌లో మోంజుయిక్ ట్రాక్ మీద ఒకే రేసులో రెండు లోటస్ కార్ల వెనక రెక్కలు విరిగాయి. వాటి డ్రైవర్లు గ్రాహమ్ హిల్, యోకెన్ రింట్ ఇద్దరూ గోడలకి గుద్దుకున్నారు. అదే నెలలో మొనాకోలో ఆ ఎత్తు రెక్కలని నిషేధించారు. రెక్క ఎంత బలం ఇచ్చిందో, అంత బలాన్నీ ఆ సన్నని కాళ్లు మొయ్యాలి. మీ వెనక రెక్క గంటకి 100 దగ్గర 56 కిలోలు నొక్కుతుంది. కాబట్టి దానికి దాదాపు రెండింతలు, 5 కిలోల ఇసుక సంచులు 20 తెచ్చి, కింద మెత్తని షీటు వేసి, రెక్కంతా సమంగా పేర్చు. పది నిమిషాలు ఉంచు. కొస నుంచి కొసకి దారం కట్టి వంపు కొలువు. సంచులు తీశాక దారం పాత చోటికి రావాలి, రాకపోతే ఎక్కడో అతుకు విడిపోతోంది. తర్వాత స్ప్రింగ్ కాటాతో వెనక్కి 20 కిలోలు, పక్కకి 10 కిలోలు లాగి చూడు. పక్కకి ఊగితే ఏటవాలుగా ఒక రాడ్ పడాలి. పోటీ తనిఖీలో అక్కడి వాళ్లు చూసేది వేరే. 225 చదరపు సెం.మీ. మీద 200 న్యూటన్లు పెడితే 10 మి.మీ. దాటి వంగకూడదు, ఎక్కడైనా 50 న్యూటన్లకి 25 మి.మీ. దాటకూడదు. ముందుకి చూసే అడ్డ అంచులకి 5 మి.మీ., నిలువు అంచులకి 3 మి.మీ. గుండ్రం ఉండాలి. ఆ ఏటి రూల్‌బుక్ తెచ్చుకుని ఒక్కో అంకె సరిచూసుకో, ఏటా మారుతుంటాయి.

కారు మొదట రెక్కల్లేకుండా 100 కిలోమీటర్లయినా తిరగాలి. ఆ తర్వాతే రెక్కలు. కొలవడానికి డాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) మీద పొటెన్షియోమీటర్లు (ఎంత కదిలిందో కొలిచే సెన్సార్లు) పెట్టి, మూసిన మైదానంలో, సముద్రపు గాలి లేవకముందు పొద్దున్నే, సూటిగా 60 మీద నిలకడగా పోనివ్వు. అటు రెండు, ఇటు రెండు పరుగులు, నాలుగింటి సగటు. ముందు చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం 25 న్యూటన్/మి.మీ. అయితే, 480 లో 45 శాతం ముందుకి వస్తే ఒక్కో చక్రం 4.3 మి.మీ. దిగాలి. 2 మి.మీ.యే దిగితే ఎక్కడో ప్రవాహం ఊడింది. డాంపర్ కాడకి రబ్బరు రింగు తొడిగి కొలుద్దామనుకుంటారు, అది గతుకులో పడిన గరిష్ఠాన్నే చూపిస్తుంది, నమ్మొద్దు.

ఎక్కడ ఊడిందో తెలియాలంటే 6 సెం.మీ. ఉన్ని దారాలు రెక్క అడుగువైపు 10 సెం.మీ.కి ఒకటి చొప్పున టేపుతో అంటించి, పక్క నుంచి ఫోన్‌తో వీడియో తియ్యి. వెనక్కి చదునుగా పడుకున్న దారం మంచిది. వణికేది ఊడబోతోంది. ముందుకి తిరిగి గిరగిరలాడేది ఊడిపోయింది. అలాంటివి ఫ్లాప్ మీద వరసగా కనిపిస్తే కోణం 3 డిగ్రీలు తగ్గించి మళ్లీ పోనివ్వు.

ఆ వీడియో, డ్రిల్ బిట్‌తో కొలిచిన సందు అంకెలు ఒకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. చూసి అదే రోజు జవాబిస్తాను.

ఇట్లు,
మామయ్య