బడిలో సోషల్ వర్కర్ పని అంటే కౌన్సెలింగ్ ఒక్కటేనా?

విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం బడిలో పనిచేసే సోషల్ వర్కర్‌కు కౌన్సెలింగ్ తప్ప ఇంకేం పని ఉంటుందని అడిగారు. పదకొండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. గదిలో పిల్లలతో కూర్చునే సమయం కంటే, వాళ్ల చుట్టూ ఉన్న పెద్దలతో మాట్లాడే సమయమే ఎక్కువ. అసలు ఈ వృత్తి మొదలైందే అలా. 1906-07 ప్రాంతంలో న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాల్లో బడికీ ఇంటికీ మధ్య తిరిగేందుకు నియమించిన ఉపాధ్యాయులే దీనికి ఆద్యులు.

పిల్లలు సాధారణంగా దిగులుగా ఉందని వచ్చి చెప్పరు. కడుపునొప్పి అంటారు, లేదా చిన్న మాటకే కసురుకుంటారు. ఏడో తరగతి అమ్మాయి ఒకరు వారానికి రెండుసార్లు ఒకే వేళకు కడుపు పట్టుకుని వచ్చేది. వైద్యులు ఏమీ లేదన్నారు, ఇంట్లోవాళ్లు నటన అన్నారు. ఆమె వచ్చిన రోజులనూ టైమ్‌టేబుల్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రతిసారీ అది పాఠాన్ని పైకి చదివించే పీరియడే. నొప్పి నిజమే, కానీ దాని మూలం భయం. అలాగని ఆ పీరియడ్ నుంచి పూర్తిగా తప్పిస్తే, తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట వల్ల భయం మరింత పాతుకుపోతుంది. అందుకని ఉపాధ్యాయురాలిని ఒప్పించి, మొదట నా ఎదుట ఒక పేరా, తర్వాత స్నేహితురాలితో కలిసి, ఆ తర్వాతే తరగతిలో రెండు వాక్యాలు చదివేలా ఏర్పాటు చేశాం. రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ మొదటికే వచ్చాం. ఆమెను ఒప్పించడం కంటే ఉపాధ్యాయురాలిని ఒప్పించడమే కష్టమైందని ఇప్పుడు చెప్పవచ్చు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పనని ఒక అబ్బాయి మాట అడిగితే ఇచ్చేశాను. ఆ వెంటనే అతడు చొక్కా చేయి పైకి మడిచి, బ్లేడుతో కోసుకున్న గీతలు చూపించాడు. మాట తప్పక తప్పలేదు, అతడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి, ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా హింసిస్తున్నా దాచలేనని పరిచయమైన రోజే చెబుతున్నాను. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఉపాధ్యాయులు భయపడతారు గానీ, అలా జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. నేను నేరుగానే అడుగుతాను.

ఈ ఉద్యోగంలో చేరాలనుకుంటే, ముందుగా ఎంతమంది విద్యార్థులను చూడాలో కనుక్కోండి. 10-19 ఏళ్లవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా; ఆ లెక్కన 700 మంది ఉన్న బడిలో వందమంది ఉండవచ్చు. తలుపు మూసుకోగల గది ఇస్తారో లేదో కూడా అడగండి. నాకు మొదట ఇచ్చింది ఆట సామాన్ల గది కావడంతో, ఏడుస్తున్న పిల్లలు నా ఎదుట ఉండగానే బంతి కోసం ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు.