నిఘంటువులో మాట దొరకకపోతే

ప్రశ్న: మా తాతగారి శబ్దరత్నాకరం నా చేతికొచ్చింది. అందులో 'గుర్రం' లేదు. 'వచ్చింది', 'తెచ్చాడు' కూడా దొరకలేదు. పుటలన్నీ సరిగానే ఉన్నాయి. ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మాటలన్నీ అక్కడే ఉన్నాయండీ, వాటి రూపమే వేరు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి ఈ నిఘంటువు 1885లో వెలువడింది. పదాలన్నీ గ్రాంథిక రూపంలో ఉంటాయి. కాబట్టి 'పుస్తకం' అని కాక 'పుస్తకము' అని వెతకండి. క్రియ అయితే 'ఉ'తో ముగిసే రూపం పట్టుకోవాలి. వచ్చింది, రాలేదు, రండి – మూడింటికీ 'వచ్చు' దగ్గరికే వెళ్లాలి. తేలేదు, తెచ్చాడు అన్నవాటికి 'తెచ్చు'.

ఎక్కువమంది ఆగిపోయేది బండి ఱ దగ్గర. గుర్రం అక్కడ గుఱ్ఱము, చెరువు చెఱువు. 'ర'తో దొరకని మాటను ఒకసారి 'ఱ'తో రాసి చూడండి. ఇది వట్టి పాత రాత అనుకోవద్దు, అర్థమే మారిపోతుంది. ఏరు అంటే ఎడ్లు కట్టిన నాగలి, ఏఱు అంటే నది. ఏరువాకలో ఉన్నది నాగలి, నది కాదు! కరి ఏనుగు, కఱి నలుపు. అరసున్నదీ అదే పని: ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరం. ఇవాళ్టి రాతలో ఒకటిగా కలిసిపోయిన ఇలాంటి జంటల్ని విడదీసి చూపేది పాత నిఘంటువులే.

మాట పక్కనున్న పొడి అక్షరాలు దాటేయకండి. సం. అంటే సంస్కృతం, దే. దేశ్యం, అంటే అచ్చ తెలుగు మాట, వై. వైకృతం, అంటే తద్భవం. వి. విశేష్యం, అంటే నామవాచకం, విణ. విశేషణం.

ప్రశ్న: శబ్దరత్నాకరంలో చెట్టు పేరు చూస్తే 'వృక్షవిశేషము', పిట్ట పేరు చూస్తే 'పక్షివిశేషము' అని ఉంటుంది. దాంతో ఏం తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది చెట్టని మాత్రమే తెలుస్తుంది, ఏ చెట్టో తెలియదు. ఇది నిజంగా లోపమే. కావ్యం చదివేవాళ్లకు అంతమాత్రం చాలనుకున్నారు. నిర్వచనం నిలవాలంటే ముందు జాతి చెప్పాలి, తర్వాత మిగతావాటి నుంచి విడదీసే గుర్తులు చెప్పాలి. వేపనే తీసుకోండి: 'చేదు ఆకులు, ఆకులకు రంపపు అంచులు, చిన్న తెల్లని పూలు గల నీడచెట్టు' అంటే చూసి పోల్చుకోవచ్చు. 'చెట్టు' దగ్గర వృక్షమనీ, 'వృక్షము' దగ్గర చెట్టనీ రాస్తే తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు ఆ రెంటి మధ్యే తిరుగుతుంటాడు.

చెట్ల విషయంలో 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు సాయపడుతుంది. చాలా మొక్కలకు శాస్త్రీయ నామం ఇచ్చాడు. అయితే ఆ పేర్లు అప్పటివి. వేపకు మెలియా అజాడిరాక్టా అని ఉంటుంది, ఇప్పుడు అజాడిరాక్టా ఇండికా అంటున్నారు. ఇప్పటి పేరేదో సరిచూసుకున్నాకే వాడండి.

సేద్యం, మగ్గం మాటలకైతే ఈ రెండూ చాలవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. వాటిలో మాటలు కావ్యాల నుంచి కాక ఆ పని చేసేవాళ్ల నోటి నుంచి సేకరించినవి. ఒకే పనిముట్టును ఏ ప్రాంతంలో ఏమంటారో అక్కడ చూడవచ్చు.