రింగ్ డంప్ ఫంక్షన్ రాసే ముందు ఇది చదువు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. ట్రాన్స్‌మిట్ ఆగిపోయినప్పుడు డిస్క్రిప్టర్ రింగ్‌లో (చిప్ పంపాల్సిన ప్యాకెట్ల వివరాలు వరుసగా ఉండే పట్టికలో) ఏముందో లాగ్‌లో చూపించే చిన్న ఫంక్షన్ ఒకటి మీ లినక్స్ కెర్నల్ నెట్‌వర్క్ డ్రైవర్‌లో పెడదామనుకుంటున్నావు, ఇరవై లైన్లే కదా సాయంత్రానికి అయిపోతుంది అంటున్నావు. అయిపోతుంది, కాదనను. కానీ అది ఏ సమయంలో నడుస్తుందో ఒక్కసారి ఊహించుకో. అంతా సవ్యంగా ఉన్నప్పుడు దాని మొహం ఎవరూ చూడరు. ఏదో పాయింటర్ పాడయ్యాకో, ఇంకో సీపీయూ లాక్ పట్టుకుని వదలనప్పుడో, చిప్ ఉలుకూ పలుకూ లేకుండా పడున్నప్పుడో దాన్ని పిలుస్తారు. మిగతా డ్రైవర్ నిశ్చింతగా నమ్మేవాటిని ఇది నమ్మడానికి వీల్లేదు. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్కలోంచే వస్తుంది.

ముందు అసలు రాయాల్సిన పని ఉందో లేదో చూడు. ఉత్త బైట్లు చూడాలంటే ప్రింట్_హెక్స్_డంప్ ఉంది, వరుసకు 16 లేదా 32 బైట్లు వేస్తుంది, కావాలంటే పక్కన ఆస్కీ కూడా చూపిస్తుంది. చిన్న హెడర్ మాత్రమే అయితే అదీ అక్కర్లేదు, 64 బైట్ల దాకా, కెర్నల్ లాగ్‌లో రాసే printk ఫంక్షనే తన ఫార్మాట్‌తోనే హెక్స్‌లో వేసేస్తుంది. ఎక్కడినుంచి ఇక్కడికి వచ్చామో తెలియాలంటే డంప్_స్టాక్, ఒకే లైను. చిప్ లోపలి రిజిస్టర్లు కావాలంటే ఈథ్‌టూల్ అనే నెట్‌వర్క్ కార్డు కమాండ్‌లో ఉంది, మీ డ్రైవర్ దాన్ని సపోర్ట్ చేస్తోందో లేదో చూసుకో, చెయ్యకపోతే నీ సాయంత్రం దానిమీద పెట్టడమే మేలు. ఇవేవీ కాదు మావయ్యా నాకు రింగే కావాలి అంటే, ఇంటెల్ వాళ్ల ఐజీబీ డ్రైవర్ మెయిన్ ఫైల్ తెరిచి ఐజీబీ_డంప్ అనే ఫంక్షన్ చదువు. కాపీ కొట్టమని కాదు, దాని పొందిక చూడమని. అడుగు పెట్టగానే అది చూసేది, హార్డ్‌వేర్ మెసేజ్‌లు కావాలని ఎవరైనా అడిగారా అని. అడక్కపోతే వెనక్కి వెళ్లిపోతుంది. అడిగితే రిజిస్టర్లూ, ఒక్కో క్యూకి ఒక్కో లైనూ వేస్తుంది. మొత్తం రింగ్ కావాలంటే ఇంకో బిట్ ఆన్ చెయ్యాలి, ప్యాకెట్ లోపలి డేటా కావాలంటే వేరే బిట్. ఆ ఆఖరి బిట్ వేరుగా పెట్టడం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే లాగ్‌లోకి వెళ్లే ఆ బైట్లు ఎవరో ఒకరి పాస్‌వర్డో, మెయిలో అయ్యుండొచ్చు, ఆ లాగ్ తర్వాత ఎంతమంది చేతులు మారుతుందో నీకూ నాకూ తెలీదు.

ఇక నీ ఫంక్షన్‌ని ఎక్కడినుంచి పిలుస్తావు? టీఎక్స్ టైమవుట్ కాల్‌బ్యాక్ నుంచి అన్నావు. దాన్ని, ట్రాన్స్‌మిట్ ఆగిందేమోనని కాపలా కాసే నెట్‌డెవ్ వాచ్‌డాగ్ పిలుస్తుంది, డ్రైవర్ తన టైమ్ చెప్పకపోతే 5 సెకన్లు చూసి పిలుస్తుంది. అది టైమర్ లోంచి వస్తుంది కాబట్టి అక్కడ నిద్రపోవడం (ఏదైనా దొరికేదాకా ఆగి ఎదురుచూడటం) కుదరదు, పైగా ట్రాన్స్‌మిట్ లాక్ అప్పటికే పట్టుకుని ఉంటుంది. అంటే దొరికేదాకా నిద్రపోయే మ్యూటెక్స్ లాక్ మాట మర్చిపో, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడగడం మర్చిపో. నిద్రపోకుండా మెమరీ అడిగే జీఎఫ్‌పీ_అటామిక్ ఉంది కదా అంటావేమో, డీబగ్ ఫంక్షన్‌కి మెమరీ ఎందుకసలు? మెమరీ దొరకనందువల్లే ట్రాన్స్‌మిట్ ఆగి ఉంటే నీ డంప్ కూడా అక్కడే చతికిలబడుతుంది. స్టాక్ మీద పెద్ద బఫర్ పెట్టుకోవడమూ వద్దు, 64 బిట్ ఎక్స్86లో కెర్నల్ స్టాక్ మొత్తం కలిపి 16 కేబీ, నువ్వు నడిచే సమయానికి అందులో ఎంత మిగిలి ఉందో నీకు తెలీదు. స్టాటిక్ బఫర్ పెడితే రెండు సీపీయూలు ఒకేసారి అందులో రాస్తాయి. బఫరే లేకుండా ఒక్కో డిస్క్రిప్టర్‌ని ఒక్కో లైనుగా నేరుగా ప్రింట్ చేసుకుంటూ పో, అంతే.

లాక్ సంగతి. డంప్ తీసేటప్పుడు రింగ్ మారకూడదు కదా అని నీ రింగ్ లాక్ పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకు. నిన్ను పిలిచినవాళ్లే ఆ లాక్ పట్టుకుని ఉంటే అక్కడికక్కడే డెడ్‌లాక్, ఇక ఎప్పటికీ కదలదు, అప్పుడు అసలు బగ్ పక్కకి పోయి నీ ఫంక్షన్ పేరే స్టాక్ ట్రేస్‌లో పైన కనబడుతుంది. తప్పదంటే ట్రైలాక్ చెయ్యి, దొరక్కపోతే "లాక్ దొరకలేదు, విలువలు ఉజ్జాయింపు" అని ఒక లైను రాసి ముందుకెళ్లు. మీ కేసులో ట్రాన్స్‌మిట్ వైపు ఆగి ఉంటుంది గానీ ఇంకో సీపీయూ మీద నాపీ పోల్ (అయిపోయిన ప్యాకెట్లని తీసేసే కెర్నల్ పని) రింగ్‌ని శుభ్రం చేస్తూ ఉండొచ్చు, నువ్వు చూస్తుండగానే తర్వాత శుభ్రం చెయ్యాల్సిన చోటు చూపే నెక్స్ట్_టు_క్లీన్ కదిలిపోవచ్చు. అందుకని దాన్నీ, తర్వాత నింపాల్సిన చోటు చూపే నెక్స్ట్_టు_యూజ్‌నీ, రెండు ఇండెక్సుల్నీ మొదట్లోనే రీడ్_వన్స్‌తో ఒక్కసారి లోకల్ వేరియబుల్స్‌లోకి తీసుకుని, ఆపైన వాటినే వాడు. డిస్క్రిప్టర్‌దీ అదే కథ, దాన్ని చిప్ కూడా రాస్తుంది. ముందు మొత్తం 16 బైట్లూ లోకల్‌గా కాపీ చేసుకుని, ఆ కాపీలోంచే ముడి విలువా, విడమర్చిన ఫీల్డులూ రెండూ ప్రింట్ చెయ్యి. లేకపోతే ముడి విలువలో పని అయిందని చెప్పే డన్ బిట్ సున్నా ఉండి, పక్కనే విడమర్చిన చోట డన్ అని కనబడుతుంది, దాన్ని పట్టుకుని నువ్వు రెండు రోజులు లేని బగ్ వెనకాల తిరుగుతావు. ముడి విలువ మాత్రం మానొద్దు, నీ డీకోడింగ్‌లోనే తప్పుంటే తెలిసేది దానివల్లే. ఎండియన్ (బైట్ల వరుస) మార్పిడి గుర్తుంచుకో.

రిజిస్టర్ల దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే చదవడమే కదా, ఏమవుతుందిలే అనుకునే చోటు ఇదే. చదివితే క్లియరయ్యే రిజిస్టర్లు ఉంటాయి. ఇంటెల్ ఈ1000 కుటుంబంలో ఇంటరప్ట్ కాజ్ రిజిస్టర్ అలాంటిదే, లెక్కలు చూపించే కౌంటర్లూ అంతే, చదివిన క్షణంలో సున్నా అయిపోతాయి. ఫైఫో (ముందొచ్చింది ముందు పోయే వరుస) డేటా రిజిస్టర్ అయితే చదవగానే ఒక ఎంట్రీ బయటికొచ్చేస్తుంది. ఒకచోట చూశాను, డీబగ్ బిల్డ్‌లో ఎంత ప్రయత్నించినా బగ్ రాదు, రిలీజ్‌లో మాత్రం రోజూ వస్తుంది. చివరికి తేలిందేమిటంటే డంప్ ఫంక్షన్ స్టేటస్ రిజిస్టర్ చదివి, ఇరుక్కుపోయిన ఇంటరప్ట్‌ని తనకు తెలియకుండానే వదిలించేస్తోంది, చిప్ మళ్లీ మామూలుగా నడిచిపోతోంది. రోగాన్ని దాచేసే డాక్టరన్నమాట! కాబట్టి మీ చిప్ డేటాషీట్ దగ్గర పెట్టుకుని, నువ్వు చదవబోయే ఒక్కో రిజిస్టర్‌కీ యాక్సెస్ రకం చూసి, చదివితే మారేవాటిని లిస్టులోంచి తీసెయ్. దాని విలువ కావాలంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్ చివరిసారి చదివినదాన్ని స్ట్రక్చర్‌లో దాచుకో, డంప్‌లో అదే చూపించు.

ఇంకోటి, చిప్‌కి అప్పుడు పవర్ ఉందా? రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ దాన్ని నిద్రపుచ్చి ఉంటే కొన్ని ఎస్ఓసీల్లో (సీపీయూ, మిగతా భాగాలు ఒకే చిప్‌లో ఉండేవి) రిజిస్టర్ చదవగానే డేటా వెళ్లే బస్ మొత్తం బిగుసుకుపోతుంది, ఒక్క లైను కూడా బయటికి రాదు. పీఎం_రన్‌టైమ్_గెట్_ఇఫ్_ఇన్_యూజ్ ఉంది చూడు, డివైస్ వాడకంలో ఉంటేనే ఒప్పుకుంటుంది, దాన్ని లేపే ప్రయత్నం చెయ్యదు. పీసీఐ కార్డు అయితే ఊడిపోయినా, లింక్ పడిపోయినా అన్నీ ఎఫ్‌లే వస్తాయి. మొదటి రిజిస్టర్ అలా వస్తే "డివైస్ జవాబివ్వడం లేదు" అని రాసి మిగతా రిజిస్టర్లు వదిలెయ్. రింగ్ మాత్రం చూపించు, అది మెమరీలోనే ఉంది కదా.

పాయింటర్లు. బఫర్ ఇన్ఫోలో ఎస్‌కేబీ (ప్యాకెట్‌ని దాచుకునే కెర్నల్ స్ట్రక్చర్) పాయింటర్ ఉంటుంది, అది నల్ కానంత మాత్రాన బతికే ఉందనుకోకు. అడ్రస్ ప్రింట్ చెయ్యి, లోపలికి తొంగిచూడకు. లోపల ఒక్క ఫీల్డయినా చూడాలంటే గెట్_కెర్నల్_నోఫాల్ట్ వాడు. మెమరీ మేనేజ్‌మెంట్ వాళ్ల డంప్_పేజ్ పిలిచే డంప్_మ్యాపింగ్ చూడు, అనుమానమున్న పాయింటర్ వెనకాల ఉన్న ప్రతి ముక్కనీ ఆ పద్ధతిలోనే చదువుతుంది, ఎక్కడ బెడిసికొడితే అక్కడ చెప్పి ఆగిపోతుంది. అయితే ఆ పద్ధతి క్రాష్ కాకుండా ఆపుతుందే గానీ ఫ్రీ అయిపోయిన మెమరీలో చెత్తని నిజమని చూపించకుండా ఆపలేదు. ఇక అడ్రస్ ప్రింట్ చేసినప్పుడు విచిత్రమైన అంకె వస్తే కంగారుపడకు, 4.15 కెర్నల్ నుంచి మామూలు పాయింటర్ ఫార్మాట్ అసలు అడ్రస్‌కి బదులు హ్యాష్ చూపిస్తుంది. రెండు లైన్లలో ఉన్నది ఒకే పాయింటరా కాదా అని పోల్చుకోవడానికి అది చాలు. అసలు అడ్రసే కావాలంటే నీ టెస్ట్ మెషీన్‌లో నో_హ్యాష్_పాయింటర్స్ అని బూట్ లైన్‌లో పెట్టుకో, 5.12 నుంచి ఉంది. కోడ్‌లో మాత్రం ముడి అడ్రస్ చూపించే ఫార్మాట్ పెట్టకు, రివ్యూలో మొదట పట్టుకునేది దాన్నే.

ఇప్పుడు ప్రింట్ చెయ్యడానికి అయ్యే ఖర్చు. మీ బోర్డు సీరియల్ కన్సోల్ సెకనుకి 115200 బిట్లు అన్నావు, అక్షరానికి 10 బిట్ల లెక్కన సెకనుకి 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైనుకి దాదాపు 7 మిల్లీసెకన్లు. 256 ఎంట్రీల రింగ్, ఎంట్రీకో లైను అంటే ఇంచుమించు 1.8 సెకన్లు. ఎనిమిది క్యూలుంటే 14 సెకన్లు దాటిపోతుంది! ఇంతసేపు సాఫ్ట్ఐఆర్‌క్యూలో (టైమర్ పనులు నడిచే చోట) ఒక సీపీయూని కదలనివ్వకపోతే, మామూలు సెట్టింగుల్లో సీపీయూ ఇరుక్కుందనే సాఫ్ట్ లాకప్ హెచ్చరిక 20 సెకన్లకే వస్తుంది, నువ్వు దాని గుమ్మం దాకా వెళ్లినట్టే. ఇంటరప్టులు కూడా ఆపి పెట్టావంటే హార్డ్ లాకప్‌కి 10 సెకన్లే గడువు. నీకు నిజంగా పనికొచ్చేవి 256 కాదు బుజ్జీ, నెక్స్ట్_టు_క్లీన్ చుట్టూ ఓ ఎనిమిది, నెక్స్ట్_టు_యూజ్ చుట్టూ ఓ ఎనిమిది, ఆగిన క్యూది మాత్రమే. ఆగిన క్యూ నంబర్‌ని కాల్‌బ్యాక్ ఆర్గ్యుమెంట్‌గా ఇస్తూనే ఉంది కదా, వాడుకో. మొత్తం రింగ్ చూడాలనే సరదా ఉంటే డీబగ్ ఎఫ్ఎస్‌లో (డీబగ్ కోసం కెర్నల్ చూపే ఫైళ్ల చోట) ఒక ఫైల్ పెట్టు, రూట్‌కి మాత్రమే కనబడేట్టు, తీరిగ్గా చదువుకోవచ్చు. టైమవుట్ పదే పదే వస్తుంటే లాగ్ నిండిపోకుండా రేట్‌లిమిట్ పెట్టు, దాని మామూలు లెక్క 5 సెకన్లకి 10. అయితే లైను లైనుకీ పెట్టకు, డంప్ మధ్యలో తెగిపోతుంది, మొత్తం డంప్‌కి కలిపి ఒక్కసారి పెట్టు. ఒక లైనుని ముక్కలు ముక్కలుగా ప్రింట్ చేసి అతికించొద్దు, మధ్యలో వేరే సీపీయూ మాట దూరుతుంది. ప్రతి లైను మొదట్లో డివైస్ పేరు, క్యూ నంబర్ రావాలి, రెండు కార్డులున్న మెషీన్‌లో లాగ్‌లో గ్రెప్ చేసి వెతికేవాడు నీకు దండం పెడతాడు.

ప్రింట్ పెట్టగానే బగ్ మాయమైతే ఆశ్చర్యపోకు, ఆ 7 మిల్లీసెకన్లే రేస్‌ని (ఎవరు ముందన్న పోటీని) మార్చేస్తాయి. అప్పుడు trace_printk వాడు, అది కన్సోల్ జోలికి పోకుండా మెమరీలోని ట్రేస్ బఫర్‌లో రాస్తుంది కాబట్టి చాలా తేలిక. ప్యాచ్ పంపేముందు మాత్రం తీసెయ్యి. అది ఉన్న కెర్నల్ బూట్ అవుతూనే ఇది డీబగ్ కెర్నల్, ప్రొడక్షన్‌లో వాడొద్దు అని పెద్ద బోర్డు కడుతుంది, అందరికీ తెలిసిపోతుంది.

కాన్ఫిగ్‌లో ఆపేస్తే ఏమవ్వాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకో. సీ ఫైల్ మధ్యలో ఇఫ్‌డెఫ్‌లు (కాన్ఫిగ్‌ని బట్టి కోడ్ తీసేసే లైన్లు) చల్లకుండా హెడర్‌లో ఖాళీ స్టాటిక్ ఇన్‌లైన్ ఒకటి పెట్టు, పిలిచే చోటు శుభ్రంగా ఉంటుంది, ఆర్గ్యుమెంట్ల టైపులు కూడా రెండు రకాల బిల్డ్‌లోనూ చెక్ అవుతాయి. మాక్రో చేసి దాని ఆర్గ్యుమెంట్‌లో ఇండెక్స్ పెంచే పని పెట్టావంటే డీబగ్ ఆపిన రోజు డ్రైవర్ కూడా ఆగిపోతుంది. పారామీటర్లకి కాన్స్ట్ పెట్టు. ఏదో తేడాగా కనబడిందని బగ్_ఆన్ మాత్రం వాడకు, నెట్‌వర్క్ ఆగిందని మెషీన్ మొత్తాన్ని చంపుతామా? వార్న్_ఆన్_వన్స్ కూడా ఆలోచించే వాడు, వార్నింగ్ వస్తే ప్యానిక్ అయ్యేలా పెట్టుకున్న సర్వర్లు చాలా ఉన్నాయి.

టెస్ట్ చెయ్యకుండా పంపకు. టైమవుట్ నిజంగా వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు, డోర్‌బెల్ రాసే లైనుని కామెంట్ చేస్తే చిప్‌కి పనున్నట్టు తెలీదు, రింగ్ కాసేపటికి ఆగుతుంది. లాక్, నిద్ర, మెమరీ తప్పులు పట్టే ప్రూవ్ లాకింగ్, డీబగ్ అటామిక్ స్లీప్, కసాన్ మూడూ ఆన్ చేసిన కెర్నల్‌లో అలా ఆపి చూడు. తర్వాత ఒక ఎస్‌కేబీ పాయింటర్‌లో కావాలనే చెత్త విలువ పెట్టి మళ్లీ చూడు. ఇంటర్‌ఫేస్ డౌన్ చేసి, రింగ్ మెమరీ ఫ్రీ అయ్యాక డీబగ్ ఎఫ్ఎస్ ఫైల్ చదువు. ఇక్కడే ఎక్కువమంది ఫంక్షన్లు కూలతాయి.

ప్యాచ్‌లో ఫంక్షన్‌ని ఒక్కదాన్నే పంపకు, పిలిచే చోటు కూడా అందులోనే ఉండాలి, లేకపోతే కంపైలరే వాడని ఫంక్షన్ అని గొణుగుతుంది, రివ్యూ చేసేవాళ్లు ఎవరు వాడతారని అడుగుతారు. కమిట్ మెసేజ్‌లో ఏం చేశావో కాదు, ఏ బగ్ పట్టుకోవడానికి ఇది అవసరమైందో రాయి, డంప్ ఎలా కనబడుతుందో ఓ నాలుగు లైన్లు అతికించు. ప్యాచ్ శైలి తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ నడుపు, సైన్డ్ ఆఫ్ బై లైను మర్చిపోకు.

పంపేముందు నాకొకసారి చూపించు. ప్యాచ్‌తోపాటు సీరియల్ లాగ్ కూడా టెక్స్ట్ ఫైల్‌గా పంపు, స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టకు, ఈ వయసులో ఆ హెక్స్ అంకెలు నాకు ఆనవు. ఆదివారం అయితే పొద్దున్నే ఖాళీగా ఉంటాను.

మావయ్య